తనంతట ఆగి తనంతట కదలు ఇంజను: నిత్యప్రయాణమున దాని నడవడి

బల్లార్పూరునుండి గోండ్‌పిప్రి పోవు బాటలో, అడవి యంచున, కోఠారి గ్రామమున్నది. చంద్రపూర్ జిల్లాలోని ఈ ప్రాంతపు తెలుగువారు బండి నడపుటను గూర్చి మాటలాడునప్పుడు 'చాలు చెయ్యి', 'బందు చెయ్యి' అందురు. ఈ 'చాలు' మన 'చాలును' కాదు. హిందీ మరాఠీలలోని 'చాలూ'. ఒకటి 'ఇక వలదు' అని చెప్పును. రెండవది 'మొదలుపెట్టుము' అని చెప్పును. తెలుగు ఉపాధ్యాయుడనగుటచేత ఈ శబ్దసంకరమును పిల్లల వ్రాతలలో దిద్దుట నాకు నిత్యకృత్యము. కాని గడచిన కొన్ని సంవత్సరములలో ఆ రెండర్థములును ఒక్కమారే చెల్లు బండ్లు మా వీథులలోనికి వచ్చినవి. బండి నిలిచిన కొలది క్షణములకు వాని ఇంజను ఆగిపోవును. కదలదలచినతోడనే తాళపుచెవి త్రిప్పనక్కరలేకయే మరల తిరుగనారంభించును.

ఈ యేర్పాటును 'స్టాప్ స్టార్ట్' అనియు, 'ఐడిల్ స్టాప్' అనియు కంపెనీలవారు వ్యవహరింతురు. ఈ వ్యాసమున దీనిని 'స్వయంవిరామము' అనెదను. విరామమనగా ముగింపు కాదు. ఈ యంత్రము విషయమున ఆ భేదము మిక్కిలి ముఖ్యమైనదని ముందు తెలియగలదు. దీనినిగూర్చి నేను వినిన ఫిర్యాదులు రెండు. అవి పరస్పర విరుద్ధములు. బొగ్గుగనిలో డ్రైవరుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న మా పొరుగు పెద్దమనిషి, కుమారుడు కొన్న క్రొత్తకారును చూపి, "సారూ, ఈ బండి ఊకె బంద్ అయితున్నది. రైలు గేటు కాడ బంద్ అయి మల్ల చాలు కాకపోతే ఎట్ల?" అని యడిగెను. హైదరాబాదులోనున్న మా బావమరిది ఫోనులో, "బావా, మా బండిలో ఏదో పాడైంది. సిగ్నలు దగ్గర ఆగాల్సిన ఇంజను ఆగటంలేదు" అనెను. ఒకరికి ఆగుట భయము. ఒకరికి ఆగకపోవుట దిగులు. రెండు బండ్లలోను యంత్రము తన నియమము ననుసరించియే నడచుకొనుచున్నది. ఆ నియమము తెలియనిచో వృథావ్యయము కలుగును. ఒక్కొక్కప్పుడు అపాయమును కలుగవచ్చును. కావున దానిని కొంత విపులముగా చెప్పుట అవసరమని తోచినది.

నిలిచియున్న పెట్రోలు కారులో ఊరక తిరుగు ఇంజను, తన పరిమాణమునుబట్టి, గంటకు సుమారు అరలీటరు మొదలుకొని లీటరువరకు ఇంధనమును త్రాగును. ఏ.సి. వేసినచో ఇంకను హెచ్చు. నడచిన దూరము మాత్రము సున్న. ఆపి మరల ప్రారంభించుటకు అంతకంటె నెక్కువ పెట్రోలు పట్టునని పెద్దల నమ్మకము. కార్బొరేటరు కాలమున అందు కొంత నిజముండవచ్చును. ఇంధనమును కొలిచి చిమ్ము నేటి ఇంజనులకు అది చెల్లదు. పది సెకండ్లకు మించి ఊరక త్రిప్పుటకన్న ఆపి మరల ప్రారంభించుటయే పొదుపని అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలవారు కొలిచి చెప్పిరి.

అయినను మనవారికి ఇంజనును ఆపుటయందు గల సంకోచము కేవలము పెట్రోలు లెక్కనుండి పుట్టినది కాదు. నా చిన్నతనమున డ్రైవరు టీ త్రాగి వచ్చువరకు బస్సు ఇంజను గుడగుడలాడుచునే యుండుట చూచెడివాడను. ఆపినచో బ్యాటరీ సహకరింపదేమో, ప్రయాణికులు దిగి త్రోయవలసి వచ్చునేమోయని ఆయన శంక. అంతకు ముందటి తరమువారు ముందుభాగమున హాండిలు దూర్చి చేతులతో త్రిప్పెడివారు. అది వెనుకకు తన్నినచో మణికట్టు విరుగుటయు కలదు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912వ సంవత్సరపు కాడిలాక్ కార్లతో వాడుకలోనికి వచ్చిన పిమ్మట క్రమముగా ఈ శ్రమ తప్పినది. శ్రమ తప్పినను, 'ఒకసారి తిరిగినదానిని ఆపకు' అను బుద్ధి మిగిలినది. స్వయంవిరామము ఆ బుద్ధికి నేరుగా ఎదురు నిలుచుచున్నది.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. జపానులో టొయోటా కంపెనీవారు 1970ల దశకమున తమ క్రౌన్ కారునందు నిలిచినప్పుడు ఇంజనును ఆపు సాధనము నమర్చి టోక్యో వీథులలో పరీక్షింపగా, ఇంధనములో సుమారు పదవవంతు మిగిలినట్లు తేలెను. ఇటలీవారి ఫియట్ రెగాటా, జర్మనీవారి ఫోక్స్‌వాగన్ పోలో కార్లు 1980లలో దీనిని అంగడికి తెచ్చినను ప్రజలాదరింపలేదు. 2004లో సిట్రొయెన్ సీ3, 2007లో బి.ఎమ్.డబ్ల్యు. కార్లతో ఐరోపాలో ఇది నిలద్రొక్కుకొన్నది. మనదేశమున మహీంద్రావారు 2010 ప్రాంతమున బొలేరో, స్కార్పియోలలో దీనిని ప్రవేశపెట్టిరి. 2014లో హీరో స్ప్లెండర్ ఐస్మార్ట్ అను మోటారుసైకిలు, 2015లో మారుతీ సియాజ్ డీజిలు కారు, 2019లో హోండా యాక్టివా 125 స్కూటరు దీనితో వచ్చినవి. కారు లేని ఇంటికిని ఈ విద్య చేరుట ద్విచక్రవాహనములవలననే జరిగినది.

ఇక నడిచెడి తీరు. చేతితో గేరు మార్చు కారులో, బండి నిలిచి, గేరును న్యూట్రలులో నుంచి, క్లచ్చిమీదినుండి కాలు తీసినప్పుడే ఇంజను ఆగును. మరల క్లచ్చి త్రొక్కగనే తిరుగును. గేరులోనే యుంచి క్లచ్చిని త్రొక్కిపట్టినవానికి సాధారణముగా ఇంజను ఆగదు. అనగా ఇచ్చట ఆగుట మానవుని సమ్మతితోనే జరుగుచున్నది. మా పొరుగు పెద్దమనిషికి మొదట ఇదియే చెప్పితిని. గేరు తానే మార్చుకొను కారులో బ్రేకు త్రొక్కి నిలిపినతోడనే ఆగును, బ్రేకు వదలగనే తిరుగును. సమ్మతి వేరుగా అడుగదు. హీరోవారి ఐస్మార్ట్ మోటారుసైకిలు న్యూట్రలులో ఐదు సెకండ్లు నిలిచినచో ఆగి, క్లచ్చి పట్టగనే లేచును. స్కూటర్లకు క్లచ్చి లేదు గనుక, కొలది సెకండ్లు నిలిచిన పిదప ఆగి, ఆక్సిలరేటరు పిడిని మెలిత్రిప్పగనే తిరుగును; కొన్నింటికి బ్రేకును పట్టియుండవలెను.

మాటిమాటికి ఆగి లేచు ఇంజనునకు స్టార్టరు అరిగిపోదా యనునది సహజమైన ప్రశ్న. సాధారణ బండి స్టార్టరును ఇందు వాడరు. రోజునకు పదిమార్లు కాక నూరుమార్లు త్రిప్పినను తట్టుకొనునట్లు పళ్లను, బ్రష్షులను బలపరచి చేయుదురు. ఇంజను లోపలి బేరింగులకును, నూనెపొర పలుచబడిన క్షణమున ఒరసికొనకుండ, ప్రత్యేకమైన పూత వేయుదురు. సియాజ్ వంటి కార్లలో స్టార్టరు, కరెంటు పుట్టించు యంత్రము రెండును ఒకటే. అది బెల్టుద్వారా ఇంజనును త్రిప్పును గనుక కిర్రుమను చప్పుడు లేదు. యాక్టివా స్కూటరులోను ఆ రెండును ఒకటే. మాజ్దావారు 2009లో తెచ్చిన విధానము మరియు చిత్రమైనది. పిస్టనులు అనుకూలమైన చోట నిలుచునట్లు ఇంజనును ఆపి, మరల కదలవలసినప్పుడు సిలిండరులో ఇంధనమును చిమ్మి మండించి ఆ బలముననే లేపుదురు. స్టార్టరు కొంచెము చేయూత మాత్రమే యిచ్చును. ఇంజను మూడవవంతు సెకండుకు లేచును.

ఇప్పుడు మా బావమరిది ఫిర్యాదునకు వత్తము. అసలు కథ ఇక్కడనే యున్నది. ఇంజనును ఆపుటకు ముందు కారులోని కంప్యూటరు తనలో తాను కొన్ని ప్రశ్నలు వేసికొనును. ఇంజను తగినంత వెచ్చబడినదా? వెనుకటిసారి నిలిచిన తరువాత బండి కొంత వేగమందుకొన్నదా, లేక ప్రాకుచున్నదా? డ్రైవరు బెల్టు పెట్టుకొన్నాడా? తలుపు, బానెట్టు మూసియున్నవా? బ్రేకునకు బలమిచ్చు వాక్యూము చాలినంత యున్నదా? లోపల చల్లదనము కోరినంత వచ్చినదా? డీజిలు బండియైనచో మసి పట్టు ఫిల్టరు తన్ను తాను శుభ్రపరచుకొనుచున్నదా? అన్నిటికంటె ముఖ్యముగా, బ్యాటరీకి మరల లేపగల సత్తువ కలదా? వీనిలో ఒక్కటి ప్రతికూలమైనను ఇంజను ఆగదు. ఆపి లేపలేకపోవుటకన్న ఆపకుండుటయే మేలని దాని సిద్ధాంతము.

మే మాసమున చంద్రపూర్ ప్రాంతమున 45 డిగ్రీలు దాటుట వింత కాదు. హైదరాబాదునందు అంత లేకపోయినను వేసవి వేసవియే. మధ్యాహ్నము ఎండలో నిలిపిన కారునెక్కి ఏ.సి.ని పూర్తిగా త్రిప్పినవానికి సిగ్నలువద్ద ఇంజను ఆగలేదన్న ఆశ్చర్యమేమున్నది? చాల కార్లలో చల్లదనమునిచ్చు కంప్రెసరు ఇంజను బెల్టుతోనే తిరుగును. ఇంజను ఆగినచో పంకా మాత్రము తిరుగుచు చల్లగాలి క్రమముగా గోరువెచ్చనగును. అది హద్దుమీరినంతనే సిగ్నలు పడకయే ఇంజను మరల లేచును. టొయోటా ప్రియస్ వంటి హైబ్రిడ్ కార్లలో కంప్రెసరునకు వేరుగా విద్యుత్ మోటారుండుటచే ఈ చిక్కు లేదు. అందుచేత ఇంధనము ఎక్కువగా మిగుల్చుకొనవలసిన మన వేసవిలోనే స్వయంవిరామము తక్కువగా పనిచేయును. అమ్మెడివారు ఈ సంగతి చెప్పినట్లు నేను వినలేదు.

"పాడు కాలేదు. ఉదయము ఏ.సి. లేకుండ నడిపి చూడుము" అని చెప్పితిని. మరునాడు సిగ్నలు సిగ్నలుకు ఆగినదట. అంతటితో కథ ముగిసినచో బాగుండెడిది. మరుసటి వేసవికి ఉదయమున, ఏ.సి. లేకున్నను ఆగుట మానినది. అప్పటికి బ్యాటరీకి నాలుగేండ్లు. ఈమారు అది నిజముగా చెప్పుచున్న మాట వేరు.

ఇంజను ఆగియున్న నిమిషములో దీపములు, పంకా, రేడియో, వైపర్లు అన్నియు బ్యాటరీనుండియే త్రాగును. వెంటనే కొన్ని వందల ఆంపియర్ల కరెంటునిచ్చి ఇంజనును లేపవలెను. లేచిన తరువాత తదుపరి సిగ్నలు వచ్చులోపల కోల్పోయినదానిని తిరిగి నింపుకొనవలెను. సాధారణ బ్యాటరీ ఇట్టి పోటుకు పుట్టినది కాదు. దాని పలకలమీది పూత త్వరగా రాలిపోవును. అందుచే ఈ బండ్లకు పలకలను బలపరచిన ఈ.ఎఫ్.బి. యను రకమును గాని, ఆమ్లమును గాజునూలు పొరలలో పీల్పించిన ఏ.జి.ఎమ్. యను రకమును గాని అమర్చుదురు. రెండవది దృఢమైనదే, కాని బానెట్టు క్రింది వేడిమికి ఓర్చుకొనజాలదు. కాబట్టి ఉష్ణదేశములకు మొదటిది తగును. ఏ రకమైనను, పది డిగ్రీల వేడి పెరిగినప్పుడు లోపలి క్షయము సుమారు రెట్టింపగునని రసాయనశాస్త్రపు మోటు లెక్క. బ్యాటరీ ఋణధ్రువమునకు బిగించిన చిన్న సాధనమొకటి దీని బలమును అనుక్షణము కొలుచుచుండును. బలము తగ్గినచో కంప్యూటరు మొట్టమొదట మానుకొనునది స్వయంవిరామమునే. కావున చల్లని ఉదయమున, ఏ.సి. లేకుండ, వెచ్చబడిన ఇంజనుతో కొన్ని దినములు వరుసగా ఆగకుండెనేని, అది బ్యాటరీ ముసలిదైనదని వచ్చిన తొలి కబురు. నడిరోడ్డున మొండికేయుటకు ముందుగా వచ్చిన కబురు గనుక అది మేలే.

మా బావమరిది ఒక అంగడికి పోగా, ఆ మెకానిక్కు "ఏదైనా ఒకటే సార్, ఇది రెండువేలు తక్కువ" అని సాధారణ బ్యాటరీ నమర్చెను. ఇంజను లేచినది; అందరు సంతోషించిరి. స్వయంవిరామము రెండు వారములు పనిచేసి మానినది. ఎనిమిది మాసములకు, పెండ్లికని ఆసిఫాబాదు, రాజురా మీదుగా కోఠారికి సకుటుంబముగా వచ్చి, తిరుగు ప్రయాణమునాడు వాకిట బండి మూగదైనది. నేనును మా పొరుగు పెద్దమనిషియు కలిసి త్రోసితిమి. "నేను చెప్పలే?" అన్న ముఖము ఆయనది. తప్పు స్వయంవిరామముది కాదని ఆయనకు నచ్చచెప్పుటకు ఒక సాయంకాలము పట్టినది. రెండువేలు మిగిలెననుకొన్నవాడు మరల పూర్తివెల పెట్టి తగిన రకము కొనవలసి వచ్చెను. కొన్ని కార్లలో క్రొత్త బ్యాటరీ వేసినట్లు కంప్యూటరునకు తెలుపవలసిన పనియు కలదు. తెలుపనిచో అది పాతదియే యనుకొని ఛార్జింగును ఆ లెక్కకే జరుపుచుండును. మరియొక మాట. వేరొక బండినుండి తీగలు తగిలించి లేపవలసి వచ్చినప్పుడు నల్లతీగను నేరుగా బ్యాటరీకి కాక, కారు పుస్తకములో చూపిన ఇనుపభాగమునకు తగిలింపవలెను. లేనిచో పైన చెప్పిన కొలత సాధనము లెక్క తప్పును.

మిగులు ఎంత? ఇది ఊరినిబట్టి మారును. హైదరాబాదులో దినమునకు అరగంట సిగ్నళ్లవద్ద నిలుచు కారు, గంటకు ముప్పాతిక లీటరు చొప్పున, నెలకు ఇరువదియైదు దినములలో సుమారు తొమ్మిది లీటర్లు ఊరక కాల్చును. ఏ.సి. కారణముగా సగము సమయము ఇంజను ఆగలేదనుకొన్నను నాలుగు లీటర్లకు పైగా దక్కును. కోఠారినుండి బల్లార్పూరునకు పోవు నాకు త్రోవలో సిగ్నలే లేదు. కన్హార్‌గావ్ అభయారణ్యపు వైపునుండి దుప్పులో అడవిపందులో బాట దాటినప్పుడు నిలుచుటయే నిలుచుట. నెలకు కొలది పావులకంటె ఎక్కువ మిగులదు. కంపెనీలు ప్రకటించు మైలేజిలో ఈ భేదము కనబడదు. మనదేశపు పరీక్షావిధానము ఐరోపావారి పాత పద్ధతి ననుసరించినది. సుమారు ఇరువది నిమిషముల ఆ పరీక్షలో దాదాపు నాలుగవవంతు కాలము బండి నిలిచియే యుండును. అట్టి పరీక్షలో స్వయంవిరామమునకు మంచి మార్కులు వచ్చుట సహజము. చాల కార్లలో 'ఆఫ్' బటను నొక్కినను మరునాడు తాళము త్రిప్పగనే ఇది మరల జీవించుటకు కారణమును ఇదియే. పరీక్షలో ఉత్తీర్ణమైన బండి ఎట్లుండెనో అట్లే ప్రతిదినము బయలుదేరవలెనని నిర్మాతల ఉద్దేశము.

పొదుపు నిజముగా భారీయైన చోటును మాకు దగ్గరనే యున్నది. రైల్వే డీజిలు ఇంజను నిలిచి ఊరక తిరిగినచో గంటకు సుమారు 25 లీటర్ల డీజిలు కాల్చును. అందుచే రైల్వేవారు కొన్ని ఇంజనులలో గంటకు సుమారు 3 లీటర్లతో సరిపెట్టుకొను చిన్న సహాయక ఇంజను నమర్చిరి. పెద్దది నిద్రించును, చిన్నది బ్యాటరీని, బ్రేకుల గాలిని కాచియుండును. బల్లార్షా జంక్షనువంటి చోట గంటలకొలది నిలుచు బండ్లను చూచినవారికి ఈ లెక్క విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

స్వయంవిరామము నచ్చని సందర్భము ఒకటి కలదు. బారులుతీరిన బండ్లు మూడు సెకండ్లు నిలిచి, రెండు గజములు కదలి, మరల నిలుచునప్పుడు ఇంజను ఆగి లేచుటలో లాభము లేదు, చికాకు మాత్రము మిక్కుటము. అట్టిచోట గేరు కారువారు క్లచ్చి వదలకుండుటయో, ఆటోమేటిక్ కారువారు బటను నొక్కుటయో మేలు. కొన్ని ఆటోమేటిక్ కార్లలో బ్రేకును మృదువుగా త్రొక్కినచో ఇంజను ఆగదు, గట్టిగా త్రొక్కినచో ఆగును. అలవాటైనవాడు పాదముతోనే నిర్ణయింపగలడు.

రైలు గేటు విషయము. గేటు పడి నిలిచిన వరుసలో ఇంజను ఆగుట ఎంతయు మంచిది. పట్టాలమీద నిలుచుట మాత్రము ఏ బండికిని తగదు. ఆవలి ప్రక్క చోటు కనబడువరకు ప్రవేశింపరాదు. ఆటోమేటిక్ కారైనచో దాటుటకు ముందే బటను నొక్కి స్వయంవిరామమును మాన్పుట మనశ్శాంతికి మంచిది. పెద్దమనిషికి ఒక విషయము మాత్రము నచ్చినది: గేరు కార్లలో చాలవరకు, తొందరపాటున క్లచ్చి వదలి ఇంజనును చంపుకొన్నను, క్లచ్చి మరల త్రొక్కగనే తానే లేచును. "గిది మంచిగుంది" అనెను.

కాని ఆగిన ఇంజను ఆరిన ఇంజను కాదు. నిశ్శబ్దముగా నున్నది గదాయని బెల్టు విప్పి దిగిపోరాదు. కొన్ని బండ్లు తలుపు తీయగనే పూర్తిగా ఆగి తాళము కోరును. కొన్ని హెచ్చరికగా కూయును. కొన్ని, బ్యాటరీ తగ్గినచో, తమంతట లేచును. అందరి బండ్లు ఒకటి కావు గనుక, దిగునప్పుడు తాళము త్రిప్పి ఆర్పుటయే నియమముగా పెట్టుకొనవలెను. విరామములోనున్న బండికి బానెట్టు ఎత్తి బెల్టులలో చేయి పెట్టుట మరియు ప్రమాదము. స్కూటర్లలో ఈ అపాయము ఇంకను దగ్గరగా నుండును. వాని పుస్తకములలో వ్రాసియే యుందురు. చదువుకొన్నవాడనైన నేనును చదువలేదు.

ఒక ఆదివారము మా చిన్నమ్మాయిని ముందు నిలుపుకొని స్కూటరుమీద కూరగాయలకు పోయితిని. అంగడిముందు నిలుపగనే ఇంజను ఆగినది. దిగి, ఒక చేతితో బండిని పట్టుకొని, రెండవచేత వంకాయలు ఏరుచుంటిని. మీటర్లలో ఒక చిన్న దీపము మినుకుమినుకుమనుచున్నది. దాని అర్థము నాకు తెలియదు. పిల్ల ఆటగా పిడిని మెలిత్రిప్పినది. బండి చప్పున లేచి ముందునకు దూకినది. బండితోకూడ నేను రెండడుగులు ఈడ్వబడితిని. చక్రము వంకాయల బుట్టనెక్కి నిలిచినది. పిల్లకు దెబ్బ తగులలేదు. బుట్ట ప్రక్కన అవ్వ మనుమడు కూర్చుండెడి పీట ఆ క్షణమున ఖాళీగా నుండెను. ఆ పీటను తలచుకొన్నప్పుడు ఇప్పటికిని నా చేతులు చల్లబడును.

ఆనాటినుండి నిలిపినతోడనే తాళపుచెవి తీసి జేబులో వేసికొనుచున్నాను. అవ్వ మాత్రము నా స్కూటరు కనబడినంతనే బుట్టను గోడవైపునకు లాగుకొనుచునే యున్నది.